గీత లోపలే తెరుచుకునే జాబితా

అకబా రేవు పక్కన మందుల లారీల యార్డు. బల్ల వెనక లారీలు పంపే ఇంతిసార్. ఎదురుగా, బాగ్దాద్ నుంచి ఇప్పుడే తిరిగొచ్చిన డ్రైవర్ దుగైమ్.

"ఒక్కడివే వచ్చావేం? మా తమ్ముడేడీ?"

"టీ ఉందా అక్కా?"

"ఫ్లాస్కులో ఉంది, పోసుకో. గాలిబ్ ఏడీ అంటున్నా."

"చక్కెర ఎక్కువైంది."

"నీకెప్పుడూ ఏదో ఒకటి ఎక్కువే. గురువారం బాగ్దాద్ గోదాములో వాడు ఫోనులో సరుకు జాబితా తెరిచాడు. 'క్షేమంగా చేరాడు' అని ఇక్కడ నా తెర మీద పడింది. హమ్మయ్య అని ఆ పూట కడుపు నిండా తిన్నాను కూడా. మరి ఫోనెందుకు ఎత్తడు?"

"అక్కడ సిగ్నల్..."

"నాకు చెప్పకు. పదకొండేళ్లుగా ఈ బల్ల దగ్గరే ఉన్నా. ఆ గోదాము గోడలు దాటి లోపలికెళ్తే తప్ప ఆ జాబితా తెరుచుకోదు. మ్యాపు మీద ఆ గీత గీసింది నేనే. దారిలో ఎవడైనా ఫోను లాక్కున్నా లారీలో ఏముందో తెలియకూడదని."

"తెలుసక్కా. గట్టి గీతే."

"అదేం మాటరా?"

"ఏం లేదు. ఇదిగో, నువ్వు వాడికిచ్చిన సీసా."

"నూనె వంకాయలా? మూతైనా తియ్యలేదే! ఇవి లేందే వాడికి రొట్టె గొంతు దిగదు. ఒంట్లో బాలేదా?"

"అక్కా, ఆ జాబితా తెరిచింది..."

"వాడే. వాడి ఫోనుతోనే."

"వాడి ఫోనుతోనే."

"మళ్లీ మొదలెట్టారా? గోదాము వరసలో ముందున్నవాడు అందరి ఫోన్లూ పట్టుకుపోయి తెరవడం, తక్కినవాళ్లు లారీల్లో గురక పెట్టడం! ఎన్నిసార్లు తిట్టాను? అయితే తెరిచింది నువ్వు. వాడు నిద్రపోయాడు."

"అక్కా, ముందు ఆ సీసా కింద పెట్టు."

"దుగైమ్. నిద్రేనా?"

"సరిహద్దు దాటాక ఎడారిలో వాణ్ని ఆపారక్కా. నలుగురు. వెనక నా లారీ దుమ్ము చూసి పారిపోయారు. నేను వెళ్లేసరికి ఇంకా ఊపిరుంది. 'జాబితా చూపించమన్నారు, ఇక్కడ తెరుచుకోదన్నాను, నమ్మలేదు' అన్నాడు. అంతే."

"తెరిచి చూపించాల్సింది."

"ఎలా తెరుస్తాడక్కా?"

"అవును. ఎలా తెరుస్తాడు."

"అక్కా..."

"లారీ గోదాముకెలా చేరింది?"

"పోలీసులు తోలారు. వాడి ఫోనులో జాబితా తెరవందే సరుకు దించుకోబోమని గోదామువాళ్లన్నారు. అందుకే నేను..."

"ఏముంది అందులో? నాకూ లోడు నంబరే కనిపిస్తుంది."

"సెలైన్ సీసాలు."

"అన్నీనా?"

"అన్నీ."

"వాడెక్కడున్నాడు?"

"సరిహద్దు ఆస్పత్రిలో. రేపు పొద్దున తెస్తారు. పోలీసులు నీకు ఫోన్ చేస్తామంటే నేనే ఆపాను, నా నోటితో చెబుతానని. ఇక్కడికొచ్చి టీ అడిగాను."

"తాగు. చల్లారిపోతోంది."

"ఇదక్కా... వాడి ఫోను. ఆపేసి ఉంచా."

"చార్జింగ్ ఉందా?"

"ఉండాలి."

"అయితే ఒకసారి ఆన్ చెయ్యి."

"ఎందుకక్కా? వద్దు."

"చెయ్యరా. మన యార్డుకీ గీత ఉందిగా."

"చేశాను."

"ఆ. వచ్చింది చూడు, తెర మీద. 'గాలిబ్ క్షేమంగా యార్డుకు చేరాడు.'"