మలుపు దగ్గర గుంట

ఊరి పాలక పునీతుడి పండగ రేపే. ఊరేగింపులో ఆయన స్వరూపాన్ని మోసేవాళ్ళకి పెద్ద అయిన మేస్త్రీ, బావగారైన దర్జీ ఇంటికొచ్చి కిటికీ పక్కన నిలబడ్డాడు. కిటికీకి ఆనించిన మంచం ఈ ఏడు ఖాళీగా ఉంది. దర్జీ తలెత్తకుండా మిషను తొక్కుతూనే ఉన్నాడు.

"బావా, రేపు ఊరేగింపు ఎప్పట్లాగే మీ ఇంటి ముందు ఆగుతుంది."

"ఎవరి కోసంరా? చూసే మనిషి పోయిందిగా. తిన్నగా వెళ్ళిపొండి."

"అక్క లేకపోతే నువ్వు లేవా?"

"నన్ను వీధిలో ఏడిపించకండ్రా బాబూ."

"సరే, ఆగంలే. మరి మలుపు దగ్గర గుంట సంగతేంటి? 'ఒరేయ్ తమ్ముడూ, ఎడం పక్క గుంట!' అని ఏటా అక్కేగా కేకేసేది."

"ఆ గుంట పూడ్చి ఎన్నేళ్ళయింది! మంచం మీంచి మీ అక్కకి నేల కనబడదు. పూడ్చారని నేనే చెప్పలేదు."

"పూడ్చింది నేనే బావా."

మిషను ఆగింది.

"మరి ఏటా కుడి పక్కకి ఎందుకు జరిగేవాళ్ళురా? అలవాటనుకున్నాను."

"అలవాటేంటి బావా! లేవలేని మనిషి, పునీతుణ్ణి పడిపోకుండా కాపాడానని ఏడాదంతా మురిసిపోయేది. అందుకే బరువుతో పాటు అందరం పక్కకి జరిగేవాళ్ళం."

దర్జీ లేచి కిటికీ రెక్కలు తెరిచాడు. మలుపు వైపు చూశాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"రేపు మలుపు దగ్గర బ్యాండు కాస్త మెల్లగా వాయించమనరా. మీ అక్కకున్నంత గొంతు నాకు లేదు."