తెగిన తాడు దగ్గర

“ఆగక్కడే! ఇంకో అడుగు వేశావంటే ఊరుకోను!”

పార్కు గేటు మూసేవేళ చెరువు కాలిబాట మీద పరుగున వస్తున్న కాపలాదారు, టీచరమ్మ కేకకు నిలిచిపోయాడు. చంకలో సందర్శకుల పుస్తకం ఉంది.

“అమ్మయ్య, ఉన్నారా! మీరు లోపలికెళ్లిన సంతకం ఉంది, బయటికొచ్చిన సంతకం లేదు. అవతలి గట్టంతా నీళ్లలోకి చూస్తూ వెతికానమ్మా. పై ప్రాణాలు పైనే పోయాయి.”

“ముందు కిందకి చూడు. తీతువు గుడ్లు! వాటి చుట్టూ నువ్వు కట్టిన తాడు తెగిపోయింది. అందుకే వచ్చేవాళ్లని పక్కకి మళ్లిస్తూ నిలబడ్డాను.”

“నాలుగూ ఉన్నాయే! ఎవరూ తొక్కలేదన్నమాట.”

“గంట నుంచీ ఎవరూ తొక్కలేదు. తొక్కబోయింది నువ్వొక్కడివే.”

“తిట్టండమ్మా. మీరు కనిపించారు, అదే చాలు.”

“తిట్లకేం, ఆ తల్లిపిట్ట ఇందాకట్నుంచీ నన్నే తిడుతోంది. తాడు కట్టి పద, మనం తప్పుకుంటే వచ్చి కూర్చుంటుంది.”