మోర్సింగు సభకు నాలుగొందల మంది

"నాలుగింటికి రమ్మని రాశాను, ఇప్పుడు నాలుగున్నరేగా. మోర్సింగు వాయించేవాళ్లు టైముకి రారు, మా తీరే అంత," అన్నాడు దర్జీ. టీకొట్టు బెంచీ మీద కూర్చున్నాడన్న మాటే గానీ, చూపంతా ఎదురుగా ఉన్న లైబ్రరీ గుమ్మం మీదే ఉంది.

మోర్సింగు వాయించేవాళ్లుంటే ఆదివారం ఇక్కడి పక్కగదిలో కలుద్దాం అని కాగితం రాసి, వారం కిందట ఆ గుమ్మం పక్కన ఆయనే అంటించాడు. పళ్లకి ఆనించి వేలితో మీటే ఆ ఇనప వాద్యం తను కాక ఇంకెవరైనా వాయిస్తారో లేదో ఆయనకే తెలీదు.

టీకొట్టాయన, పంక్చర్లేసే ఆయన ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అది దర్జీ కంటపడింది.

"నవ్వకండి. పోయినేడు పక్కూళ్లో ఇలాంటి సభకే వెళ్లాను. ఓ నలభై మంది ఉంటారు. నేను అలా మీటానో లేదో, ముందువరసలో పెద్దాయన కట్టుడుపళ్లు వాటంతటవే తాళం వేయడం మొదలెట్టాయి, పాపం నోరు మూసుకున్నా ఆగవే. అంతలో మేడమీద పళ్లడాక్టరు పరిగెత్తుకొచ్చాడు, పళ్లెంలో పళ్లన్నీ గుయ్యిమంటున్నాయట."

"పీకిన పళ్లేనా మాస్టారూ?" అన్నాడు పంక్చర్లాయన.

"పీకినవే. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

ఎవరో లైబ్రరీ మెట్లెక్కారు. దర్జీ మాట ఆగిపోయింది. ఆ మనిషి పుస్తకం తిరిగిచ్చేసి వెళ్లిపోయాడు. దర్జీ గొంతు ఇంకాస్త పెంచాడు.

"వీధిలో షట్టర్లన్నీ మోగాయి. జనం నాలుగొందలయ్యారు. ఏటి మీద ఇనప వంతెన నాకు వంత పాడింది, రైలు డ్రైవరు బండాపి దిగొచ్చి, ఈ పాటయ్యాకే కదులుతానన్నాడు. నన్ను అధ్యక్షుడిగా ఉండమని కాళ్లావేళ్లా పడ్డారంటే నమ్మండి."

"ఆ సభ పెట్టింది నేనేనండీ," అంది బెంచీ చివర కూర్చున్నావిడ. బస్సు దిగొచ్చి, చాలాసేపటి నుంచీ చల్లారిన టీ పట్టుకుని కూర్చుంది. పక్కూళ్లో ఆసుపత్రి బట్టలు ఉతికే చోట పనిట. "ఎవరూ రాలేదు. గదికి తాళం వేసేదాకా ఒక్కదాన్నే కూర్చున్నాను. ఒకాయన మాత్రం గుమ్మం దాకా వచ్చి, లోపలికి చూసి, వెళ్లిపోయాడు."

టీకొట్టాయన స్టవ్ తగ్గించాడు. ఎవరూ నవ్వలేదు.

"పదిమందిలో అయితే కలిసిపోయేవాణ్ణి," అన్నాడు దర్జీ చివరికి. "మీరొక్కరే ఉన్నారు. నాకు వచ్చింది ఎంత తక్కువో మొదటి నిమిషంలోనే తెలిసిపోతుందని భయమేసింది."

"నేనూ అరగంట నుంచీ ఆ గుమ్మమే చూస్తున్నాను," అందావిడ. "ఎవరైనా లోపలికెళితే వెనకే వెళదామని."

ఇద్దరూ రోడ్డు దాటారు. ముందు మీరంటే మీరని గదిలో చాలాసేపు ఊరికే కూర్చున్నారు. ఆఖరికి ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టి, ఇద్దరూ తాళం తప్పారు.

ఇంటికెళ్లాక దర్జీ భార్య, ఎంతమంది వచ్చారని అడిగింది. ఇద్దరం అన్నాడు. ఆయన ఏం చెప్పినా సగానికి కోసుకుని వినడం ఆవిడకి అలవాటు. పాపం, ఒక్కడే కూర్చుని వచ్చాడనుకుని, ఆ పూట ఆయన్ని ఏమీ అనకుండా అన్నం పెట్టింది.