బావివైపు బెంచీ

అక్కడ కూర్చోకు బాబూ. ఆ బెంచీ మీద కాదు, ఇటు రా, ఈ కుర్చీలో కూర్చో. విరిగిపోయి కాదులే. ముందు కూర్చో, చెబుతా.

అసలు నీకు నా మాటంటే లెక్క ఉందా? వారం నుంచి మొత్తుకుంటున్నాను, వాకిట్లో బావి పూడ్చొద్దని. నువ్వేమో ఇవాళ సిమెంటు లారీ తెచ్చి సందులో నిలబెట్టావు. మన బిర్గు ఊరి సందుల్లో గాడిదే ఒదిగి నడిచేది, నీ లారీ ఎట్లా పట్టిందో ఆ సెయింట్ లారెన్స్‌కే తెలియాలి.

ఏంటీ? బావి పక్క స్తంభం కుంగిందా? ఇంత కాలం నిలబడ్డదానికి కాస్త నడుం వంగదూ? నాకు వంగలేదూ?

ఇంజినీరువి, ఈ ఇల్లు ఎట్లా కట్టారో నీకు నేను చెప్పాలా? కలప లేని దీవాయె. అందుకే కమాను పక్కన కమాను నిలిపి, వాటి మీద రాతి పలకలు పరిచారు. ఆ రాయెక్కడిది? ఈ వాకిలి కిందదే. తవ్విన రాయి గోడైంది, తవ్విన గుంత బావైంది. మా ఆయన నార్డు రాతిపనివాడు కదా, అనేవాడు, "విటొరిన్, మనం ఉండేది బావిలోనేనే, తిరగేసి నిలబెట్టారంతే" అని.

దాని నోట్లో సిమెంటు కొడితే తడి ఎటు పోతుంది? గోడలెక్కుతుంది. మెత్తటి రాయి, ఉప్పు పట్టి పొడిపొడిగా రాలుతుంది. తలుపు చుట్టూ మూడు పేటల తాడులా చెక్కారే, ముందు అదే పోతుంది.

మందు పూస్తావా? సరిపోయింది. అన్నిటికీ నీ దగ్గర మందుంది.

పోనీ, వెనకటికి ఈ ఇంట్లో ఉన్న ఆ సర్దార్ల మొహం చూసైనా ఆగవా? దేవుడికి మొక్కుకుని, పెళ్ళీ పిల్లలూ వద్దనుకుని కత్తి పట్టినవాళ్ళు. ఏ భాష వాళ్ళకి ఆ సత్రం. ఈ ఇల్లు ప్రొవాన్స్ భాష వాళ్ళ సత్రం. నేను వంట చేసుకునే ఈ గది వాళ్ళ భోజనాల సావిడి. అందరూ కలిసి ఒక్క బల్ల దగ్గరే తినాలి. తప్పు చేసినవాణ్ణి మాత్రం విడిగా, ఆ బావివైపున ఒంటరిగా కూర్చోబెట్టేవాళ్ళట. అదే శిక్ష. తర్వాత తురకల ముట్టడి వచ్చింది. అది కాస్తా గడిచాక రేవు అవతల కొత్త పట్నం కట్టుకుని, మూటాముల్లె సర్దుకుని అందరూ వెళ్ళిపోయారు.

అందరూ కాదు.

నవ్వకు. ఈ మాట నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మా చెల్లెలికి చెప్పలేదు. గుళ్ళో పాపాలు ఒప్పుకునేటప్పుడు ఫాదర్‌కి కూడా చెప్పలేదు. మీ అమ్మమ్మ నీకు చెప్పే ఉంటుందిగా, పాత ఇళ్ళలో హారెస్ ఉంటాడని? చచ్చిపోయినా ఇల్లు విడవకుండా కాపలా కాసేవాడు. వాడేదైనా ఇస్తే పుచ్చుకోవాలి, నోరెత్తి ఎవరితోనూ అనకూడదు. అంటే ఇచ్చిందంతా బొగ్గైపోతుంది, వాడూ మళ్ళీ రాడు.

అందుకే వారమంతా రాయి అన్నాను, తడి అన్నాను, సర్దార్లన్నాను. అసలు సంగతి కడుపులోనే పెట్టుకున్నాను. నువ్వు వినలేదు. ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు? చెబితే పోతాడు. చెప్పకపోతే నువ్వు వాణ్ణి పూడ్చేస్తావు.

విను మరి. నార్డు పోయాక నాకు ముద్ద దిగలేదు. ఇంత పెద్ద సావిట్లో ఒక్కదాన్ని. ఒకరోజు మధ్యాహ్నం గుళ్ళో గంట కొట్టారు. రొట్టెకి టమాటా రుద్దుకుని కూర్చున్నాను, ఏడుపొచ్చి పళ్ళెం తోసేశాను. అప్పుడు ఆ బెంచీ కిర్రుమంది. ఎవరో వచ్చి బరువుగా కూర్చున్నట్టు. చూస్తే బావి గట్టు నుంచి బెంచీ దాకా తడి పాదాలు.

భయం వెయ్యలేదా అంటే, వెయ్యకేం? అయినా రొట్టె తీసుకుని తిన్నాను బాబూ. నేను తినేదాకా వాడు లేవలేదు.

అప్పట్నుంచి రోజూ అంతే. మొహం ఎన్నడూ చూడలేదు. ఏ తప్పుకి వాణ్ణి విడిగా కూర్చోబెట్టారో, ఆ శిక్ష తీరకుండానే ఎట్లా చచ్చిపోయాడో, నాకు తెలియదు. వాడు నాకిచ్చిందల్లా ఒక్కటే, ఒంటరిగా తిననివ్వలేదు. నేనూ వాణ్ణి అట్లా కూర్చోనివ్వలేదు.

ఏంటి, లేచావేం? ఎవరికి ఫోను?

లారీని వెనక్కి పంపేస్తున్నావా? నిజంగా? స్తంభానికి పక్కనుంచి రాతి ఊతం కట్టిస్తావా? ఆ మాటేదో వారం క్రితం అనకూడదూ? పిచ్చి ముసలిది, పోనీలే అనుకున్నావో ఏమో. ఏదైతేనేం, బావి దక్కింది. చల్లగా ఉండు నాయనా.

అదిగో, గంట. ఉండు. కాసేపు మాట్లాడకు.

ఊహూఁ. కిర్రుమనలేదు. నేల చూడు, పొడిగా ఉంది.

తెలుసు బాబూ. తెలిసే చెప్పాను. వెళ్ళిపోతే పోనీ, సిమెంటు కింద మాత్రం వాడు ఉండకూడదనుకున్నాను. ఏడవడం లేదులే, ఉల్లిపాయల ఘాటు.

చేపల సూపు చల్లారిపోతోంది, తిని వెళ్ళు. ఆ కుర్చీ బల్లకి అందదు. అటు కూర్చో, ఆ బెంచీ మీద. ఫరవాలేదు, కూర్చో. ఇప్పుడది ఖాళీయే.