పసుపు గుర్తుతో సముద్రాన్ని కొలిచిన కూర్మనాథం గారు

1933వ సంవత్సరం జూలై నెల పన్నెండవ తేదీన, ఇరవై ఏళ్ల ప్రాయంలో, భుజాన ఒక గుడ్డసంచితోను, మనసు నిండా భయంతోను మద్రాసులోని మత్స్యశాఖ కార్యాలయంలో క్షేత్ర సహాయకులుగా చేరిన శ్రీ దూసి కూర్మనాథం గారు, ముప్పయి అయిదేళ్ల నిర్విరామ సేవానంతరం ఈ జూన్ పద్దెనిమిదవ తేదీన పదవీ విరమణ చేశారు. వారితో పదహారేళ్లు ఒకే గదిలో, ఒకే కిటికీ గాలికి కూర్చున్నవాణ్ని కనుక ఈ నాలుగు మాటలు రాసే భాగ్యం నాకు దక్కింది. ఇందులో నా తప్పు ఒకటి నేనే బయటపెట్టుకోవలసి ఉన్నా, ఈ భాగ్యాన్ని మరొకరికి వదులుకోదలచలేదు.

దేవాలయ సేవకూ వేదపఠనానికీ అంకితమైన కుటుంబంలో పుట్టిన కూర్మనాథం గారు చేపల శాఖలో చేరడం బంధువర్గంలో పెద్ద అలజడే రేపిందట. ముల్లు చూసి చేప వయసు చెప్పగల ఈ విద్వాంసులు నేటివరకు చేప రుచి ఎరుగరు. వారి సహధర్మచారిణి శ్రీమతి జగదాంబ గారు ప్రతి సాయంత్రమూ వీధి గుమ్మంలోనే రెండు బిందెల నీళ్లు సిద్ధంగా ఉంచి, "పొద్దస్తమానం సముద్రంలో నానిన మనిషికి మళ్లీ స్నానం చేయించే కర్మ నాకే పట్టింది" అంటూ నవ్వేవారు.

మద్రాసులోను, తూత్తుకుడిలోను పదమూడేళ్లు పనిచేసి, 1946లో వారు మన పాతమొగపేట తీర పరిశీలనా కేంద్రానికి బదిలీపై వచ్చారు. ఆమదాలవలసలో రైలు దిగి, సముద్రజలాల ఉష్ణమాపకాన్ని పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని, ఎడ్లబండి కుదుపులన్నీ తాము భరించి దాన్ని మాత్రం క్షేమంగా చేర్చారు. నాటినుంచి ప్రతి ఉదయం పడవ మీద వెళ్లి, బకెట్టుతో నీరు తోడి, వేడి ఎంతో రాసుకునేవారు. ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒడ్డున నీరు హఠాత్తుగా చల్లబడితే, అడుగు నీరు పైకి వస్తున్నదనీ, దాని వెంట కవళ్ల చేపల గుంపులు రావచ్చుననీ జాలరిపేట పెద్ద గంగులుకు ముందే కబురు పెట్టేవారు. మొదట్లో నవ్వుకున్న గంగులే మూడో ఏడు వచ్చేసరికి, "బాబూ, నీ గాజుపుల్ల ఏటి సెప్పినాది?" అని అడిగి గాని వల భుజాన వేసుకునేవాడు కాడు.

ఇక అసలు సంగతి. పాతమొగపేట పక్కనే సముద్రపు నీరు లోపలి ఉప్పుకయ్యలోకి వచ్చిపోయే మొగ ఉన్నది. ఆ మొగ గుండానే రొయ్యపిల్లలు లోపలికి చేరి పెరుగుతాయి. వాటి మీద జాలరిపేటలోని నలభై కుటుంబాలు బతుకుతున్నాయి. కాని ఆ నీరే గట్టు దాటి పైడివలస వరిచేలను ఉప్పు చేస్తున్నదని రైతుల మొర. 1957లో, మొగకు అడ్డంగా శాశ్వతమైన గట్టు వేయాలా, వద్దా అని ప్రభుత్వం మా కార్యాలయాన్ని అభిప్రాయం అడిగింది. డిసెంబరు ఆఖరుకు నివేదిక చేరాలన్నది. గట్టు పడితే పేటలో పొయ్యి వెలగదు. పడకపోతే పైడివలసలో గాదె నిండదు. ఈ రెంటి మధ్యా మన కూర్మనాథం గారి కలం.

చేల గట్టు ఎత్తు, నీటిమట్టం చూడడానికి కయ్యలో పాతిన మా కొలకర్ర మీద అయిదడుగుల గుర్తుకు సమానం. పదకొండేళ్లుగా వారు ఉదయం, మధ్యాహ్నం, సాయంకాలం స్వయంగా చూసి రాసిన లెక్కల్లో నీరు ఆ గుర్తును ఒక్కనాడూ దాటలేదు. కనుక మొగను తెరిచే ఉంచవచ్చునని, రైతుల భయం నిరాధారమని ఏడు పుటల నివేదిక సిద్ధం చేశారు. పైడివలస పెద్ద జగన్నాధం నాయుడు గారు వచ్చి, "పొద్దున్నే నా సేలో ఉప్పు తెల్లగా మెరుస్తన్నాది బాబూ, అదెక్కడ్నించి వచ్చినాదో నువ్వే సెప్పు" అని నిలదీశారు. ఆయన కాస్త పెంచి చెబుతున్నారనే మేమిద్దరమూ అనుకున్నాం.

ఆ ఏటి గాలివానకు పాత కొలకర్ర విరిగింది. ఆశ్వయుజ పౌర్ణమి, మంగళవారం నాడు తెల్లరంగు మీద నల్లని అంకెలు వేసిన కొత్త కర్రను కయ్యలో పాతించాం. మరునాటి ఉదయం వెళ్లి చూస్తే పై అంకెలు లేవు! తల నుంచి సగం దాకా దట్టంగా పసుపు, దాని మీద కుంకుమ బొట్లు. ఈ ప్రాంతంలో పెళ్లికైనా పండుగకైనా రాట పాతితే పసుపు రాయకుండా వదలరు కదా. పేట ఆడవాళ్లు ప్రభుత్వం వారి కొలకర్రను కూడా రాటే అనుకున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. కొబ్బరిపీచు తీసుకుని నీళ్లలోకి దిగి తోమబోతుంటే, ఎన్నడూ గొంతు పెంచి ఎరగని కూర్మనాథం గారు, "వేంకటాచలం గారూ, చెయ్యి తియ్యండి!" అని కేక వేశారు.

వారు చూస్తున్నది పసుపును కాదు, పసుపు ఆగిపోయిన చోటును. చేపలమ్మే అసిరమ్మను పిలిచి, పసుపు ఎంతవరకు రాశారని అడిగారు.

"కింద నీల్లు తగిలే దాకా రాసినాం బాబూ, రాటకి సగం సగం రాత్తామేటి?" అన్నది అసిరమ్మ.

కాని కింది పసుపు పోయింది. ఎవరూ చూడని రాత్రివేళ పోటు వచ్చి, తాను ఎక్కినంత మేర కడిగి, ఎక్కడ ఆగిందో అక్కడ చక్కగా గీత గీసి వెళ్లింది. కింద కడిగిన చోట బయటపడిన అంకెలను బట్టి కొలిస్తే ఆ గీత అయిదడుగుల ఏడంగుళాల దగ్గర ఉన్నది. ఈ రుతువులో రాత్రి పోటు పగటి పోటుకన్నా ఎత్తు. పదకొండేళ్లుగా మా కేంద్రం చూసినవన్నీ పగటి పోట్లే. జగన్నాధం నాయుడు గారు చెప్పినది అక్షరాలా నిజం. కూర్మనాథం గారు ఆ ఉదయమే ఏడు పుటలూ చింపి, మూడు మైళ్లు నడిచి పైడివలస వెళ్లి, "నాయుడు గారూ, తప్పు నాది" అని చెప్పి వచ్చారు. అంత పెద్ద ఉద్యోగి అలా రావడం చూసి నాయుడు గారు మజ్జిగ తెమ్మని లోపలికి కేక వేశారట.

పేటలో మాత్రం మండిపడ్డారు. "మా ఆడోల్లు రాసిన పసుపు మా మీదికే తిప్పుతావా బాబూ?" అని గంగులు మొహం తిప్పుకున్నాడు. ఆ మాట వారిని ఎంతగా బాధించిందో నాకు తెలుసు. ఆ రోజు వారు అన్నం సహించక లేచిపోయారు. అయినా మళ్లీ పేటకే వెళ్లి అసిరమ్మ గుమ్మం ముందు నిలబడి, "ఒక్క మండలం పాటు రోజూ సాయంత్రం పసుపు రాయగలవా తల్లీ?" అని అడిగారు. పేటంతా వద్దంటుంటే ఆమె కొంగు బిగించి, "రాత్తాను. నీల్లు ఎంతొరకు వచ్చినాయో అంతే సూపిత్తాది, ఎక్కువ సూపించదు కదా" అన్నది.

నలభై రోజులు రాసింది. నలభై ఉదయాలు మేము కొలిచాం. నీరు గట్టు దాటినవి తొమ్మిదే రాత్రులు. అన్నీ అమావాస్య, పౌర్ణమిలను అంటిపెట్టుకున్నవే. తక్కిన ముప్పయి ఒక్క రాత్రులు మొగ తెరిచి ఉన్నా ఒక్క మడికీ ముప్పు లేదు. కనుక శాశ్వతమైన గట్టు వద్దు, ఎత్తి దించగల పలకల తలుపు చాలునని, ఏ తిథుల్లో దించాలో పట్టికతో సహా కొత్త నివేదిక వెళ్లింది. దానికి పైకార్యాలయం నుంచి ఒక ప్రశ్న వచ్చింది: "మీరు పేర్కొన్న పసుపు అను పరికరమును తయారుచేసిన కంపెనీ ఏది?" కూర్మనాథం గారు ఎంతో గంభీరంగా, "తయారీదారు: అసిరమ్మ, పాతమొగపేట" అని జవాబు రాశారు. ఆ కాగితం నకలు నేటికీ నా దగ్గర భద్రంగా ఉన్నది.

1959 వేసవిలో తలుపు వచ్చింది. ఈ తొమ్మిదేళ్లలో పైడివలస వరికి ఉప్పు తగలలేదు, పేటకు రొయ్య తప్పలేదు. మొహం తిప్పుకున్న గంగులే తొలి ఏడాది పలకలు ఎత్తే నాడు కొబ్బరికాయ వారి చేత కొట్టించాడు. చదువు ఎవరికోసమో అప్పుడు నాకు అర్థమయింది. అంతకుముందు నేను జీతానికి లెక్కలు రాసేవాణ్ని.

ఈ పద్దెనిమిదిన, మంగళవారం నాడు, కూర్మనాథం గారు చివరిసారి కయ్య దగ్గరకు వెళ్లారు. నేనూ వెంట ఉన్నాను. జుట్టు నెరిసిన అసిరమ్మ అప్పటికే కర్రకు పసుపు రాస్తున్నది.

"నువ్వెల్లిపోతే దీన్ని ఎవులు సూత్తారు బాబూ?" అని అడిగింది.

"వేంకటాచలం గారు చూస్తారమ్మా."

ఆమె నన్ను ఎగాదిగా చూసి, "ఆ బాబా? ఆ బాబు కడిగేత్తాడు!" అన్నది.

పదకొండేళ్ల కిందటి కొబ్బరిపీచును ఆమె మరిచిపోలేదు. కూర్మనాథం గారు కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు. ఆ నీళ్లలో కొన్ని నవ్వువి కావని నేను చూశాను. నవ్వుతూనే తమ కొలతల పుస్తకాన్ని నా చేతిలో పెట్టారు. మరునాటి ఉదయం అందులో నేను రాసిన తొలి పంక్తి ఇది: "రాత్రి గరిష్ఠ జలమట్టం: మూడడుగుల ఆరంగుళాలు. పరికరం: పసుపు. తయారీదారు: అసిరమ్మ."

శృంగవరపుకోటలో స్థిరపడి, కొండగాలిలో, జగదాంబ గారి చెంత, ఇకపై ఒక్క బిందె స్నానంతోనే సరిపెట్టుకుంటూ కూర్మనాథం గారు ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలని పైడివలస రైతుల పక్షాన, జాలరిపేట నలభై గడపల పక్షాన, మా అందరి పక్షాన ఆకాంక్షిస్తున్నాను. వారు మళ్లీ వచ్చి చూసే నాటికి కర్ర మీద పసుపు ఉంటుంది. నేను కడగను.

— వేంకటాచలం,
తీర పరిశీలనా కేంద్రం, పాతమొగపేట
23-6-1968