గెలిచినామని చెవిలో చెప్పమన్నాడు

నా పేరు కుళ్ళాయమ్మ. భర్త పేరు సుంకప్ప, ఇప్పుడు లేడు. వయసు డెబ్బై దాకా ఉంటుంది, ఆధార్ కార్డులో ఎంత ఉంటే అంతే రాసుకోండి. ఉండేది ధర్మవరం. మాది పట్టుచీరల పని. నేను రాట్నం మీద పట్టుదారం కండెలకు చుడతాను. రెండో తరగతి దాకా చదివినాను కానీ సంతకం మరిచిపోయినాను. ఈ రోజు సోమవారం పొద్దున హిందూపురం ఆస్పత్రి వరండాలో, పెనుకొండ పోలీసు హెడ్ కానిస్టేబుల్ సుమలత మేడం అడిగితే చెబుతున్నాను.

లోపల మంచం మీద ఉన్నది నా మనవడు కుమారస్వామి. వయసు ఇరవై రెండు. నా పెద్దకొడుకు రామచంద్రకు వాడు ఒక్కడే సంతానం. వాడు కూడా మగ్గం నేస్తాడు. ఆదివారాలు హిందూపురంలో ఒక క్లబ్బుకు ఫుట్‌బాల్ ఆడతాడు. ఈ ఏడు దేశం మొత్తానికి జరిగే కప్పులో ఆ క్లబ్బుకు చోటు దొరికింది. అందులో జీతాలు తీసుకుని ఆడే జట్లూ ఉంటాయంట, మా వాళ్ల మాదిరి పనులు చేసుకుంటూ ఆడే జట్లూ ఉంటాయంట. ఒక్క మ్యాచ్ ఓడితే ఇంటికే. మళ్ళీ ఆడనివ్వరు. ఆ పద్ధతి విన్నప్పటి నుంచి నాకు భయం. రెండోసారి లేనిది ఏదైనా నాకు భయమే.

మేడం, నాకు భయం ఎక్కువని మా వీధిలో అందరికీ తెలుసు. వాడు ఆటకు పోతే ఫోన్ మీద ఫోన్ చేస్తాను. రామచంద్రకు ఆయాసం ఉండేది. ముందు రెండుసార్లు అది ఎక్కువైందని భయపడి, నాయనకు బాగలేదు రా అని ఆట మధ్యలో వాడిని పిలిపించినాను. రెండుసార్లూ వాడు వచ్చేసరికి రామచంద్ర మగ్గం మీద కూర్చుని టీ తాగుతున్నాడు. రెండోసారి నన్ను కోప్పడినాడు.

“ఏమ్మా, నన్ను ఎన్నితూర్లు సంపుతావు? వాణ్ణి ఆడుకోనీ” అన్నాడు.

మ్యాచ్ జరిగింది నిన్నటి ఆదివారం కాదు, ముందరి ఆదివారం. బెంగళూరు నుంచి వచ్చిన జీతాల జట్టుతో ఆట. కుమారస్వామి పొద్దున్నే స్నేహితుడి బండి అడిగి తీసుకుని ఒక్కడే పోయినాడు. మూడున్నరకు ఆట మొదలైతే రామచంద్ర ఫోన్‌ను జరీ డబ్బాకు ఆనించి పెట్టుకుని, చూస్తూ నేస్తున్నాడు. మగ్గం మీద ఉన్నది చిలకపచ్చ చీర, ఎర్ర అంచు. పని మీద కన్ను పెట్టు, పోగు తెగుతుంది అన్నాను.

“వాని కుడికాలు సూడమ్మా. మగ్గం తొక్కినట్లే తంతాండాడు” అని నవ్వినాడు. అదే నాతో చివరి మాట.

నాలుగు దాటినాక మగ్గం చప్పుడు ఆగింది. పోగు తెగిందేమో, అతుకుతున్నాడేమో అనుకుని ఇంకో కండె చుట్టినాను. చప్పుడు మళ్ళీ రాలేదు. పోయి చూస్తే నేసిన చీర మీదికి ఒరిగి ఉన్నాడు. నా కోడలు నాగలక్ష్మి, పక్కింటి చంద్రప్ప కలిసి మగ్గం కింద కాళ్లు పెట్టుకునే గుంతలో నుంచి పైకి తీసినారు. వీధి చివరి డాక్టరు వచ్చి నాడి చూసి, లేదు అన్నాడు. ఫోన్‌లో ఆట నడుస్తూనే ఉంది. అందులో నా మనవడు పరిగెత్తుతున్నాడు. ఎవరూ దాన్ని ఆపలేదు. నాకు ఆపడం రాదు.

వాడికి చెప్పాలి కదా అన్నాను. చంద్రప్ప నా చెయ్యి పట్టుకున్నాడు.

“పోయినాడని సెప్పొద్దత్తా. బండి మీద వచ్చే పిల్లోడు. బాగలేదని సెప్పు సాలు. ఈడికి వచ్చినంక మనముండాము గదా” అన్నాడు.

మా దాంట్లో అట్లే చెబుతారు. దారిలో ఉన్న మనిషికి చావు మాట చెప్పరు. నా తల్లి పోయిన రోజు నాకూ బాగలేదనే చెప్పినారు. కదిరి బస్సులో దారి పొడుగునా నరసింహస్వామికి మొక్కుకుంటూ వచ్చినాను.

ఆడేటప్పుడు పిల్లల ఫోన్లన్నీ జట్టును చూసుకునే గంగాధర్ సంచిలో ఉంటాయి. వాడి ఫోన్‌కు చేస్తే గంగాధర్ ఎత్తినాడు.

“ఏమవ్వా, మళ్ళా మొదులుపెట్టినావా?”

“వాళ్ళ నాయనకు బాగలేదప్పా. వాణ్ణి పంపించు.”

“పోయిన తూరి గూడా బాగలేదంటివి. ఆయప్ప సూస్తే టీ తాగుతాండె.”

“ఈ తూరి నిజంగా బాగలేదప్పా.”

“సరే అవ్వా. ఆట అయిపోతానే నేనే పంపిస్తా. ఏం గాదులే.”

పోయినాడప్పా అనే మాట నోటి దాకా వచ్చింది. చంద్రప్ప ఎదురుగా నిలబడి వద్దు వద్దని తల ఊపుతున్నాడు. మింగేసినాను. నా చిన్నకొడుకు ధనుంజయ, గంగాధర్ చావు కబురు దాచిపెట్టినాడని కేసు పెడతానంటున్నాడు. గంగాధర్ దాచలేదు. ఆయనకు తెలియదు. ఈ మాట గట్టిగా రాయండి మేడం.

ఆరున్నరకు కుమారస్వామి ఫోన్ చేసినాడు. వెనక జనం అరుపులు, డప్పులు.

“అవ్వా, గెలిచినాం! ఆఖరి పెనాల్టీ నేనే ఏసినా. నాయన సూసినాడా? ఏమైందంట? ఒకసారి ఫోన్ ఇయ్యి.”

“మాట్లాడలేడు రా. ఆక్సిజన్ పెట్టినారు.”

“అయితే సెవిలో సెప్పు. గెలిచినామని సెప్పు. నేను వచ్చేదాకా ఉండమను.”

“నిదానంగా రా నాయనా.”

“నిదానంగా ఎట్లొస్తానవ్వా?” అని పెట్టేసినాడు.

నేను లోపలికి పోయినాను. అప్పటికే రామచంద్రకు ముక్కులో దూది పెట్టి, తలకు గుడ్డ కట్టినారు. చెవి మీద గుడ్డ జరిపినాను. రామచంద్రా, గెలిచినారంట, వాడు వస్తాండాడు, ఉండమన్నాడు అని చెప్పినాను. వాడు చెప్పమన్నాడు, చెప్పినాను. చుట్టూ ఉన్నవాళ్లు నాకు మతి పోయిందనుకున్నారు.

రాత్రి ఎనిమిది లోపల పెనుకొండ నుంచి ఫోన్ వచ్చింది. పెనుకొండకు ఇవతల హైవే మీద, ముందు పోతున్న గడ్డి ట్రాక్టరుకు గుద్దుకున్నాడని. ట్రాక్టరుకు వెనక లైటు ఉందో లేదో నేను చూడలేదు, తెలియదు. మేడం అడిగింది వాడు అంత వేగంగా ఎందుకు వచ్చినాడని. తండ్రి ఉన్నాడనుకుని వచ్చినాడు. ఉండమన్నాడు కదా, ఉంటాడనుకున్నాడు. గంగాధర్ కారు తెస్తా ఉండమంటే కూడా వినలేదంట. పోయినాడని తెలిసి ఉంటే ఏడ్చుకుంటూ ఆ కారులోనే వచ్చేవాడు. పోయిన మనిషి కోసం ఎవరూ అంత వేగంగా రారు.

వాడిని హిందూపురం ఆస్పత్రికి తెచ్చినారు. కుడికాలు మోకాలి కింద తీసేసినారు. అక్కడ ధర్మవరంలో రామచంద్రకు ధనుంజయ తలకొరివి పెట్టినాడు. కొడుకు ఉండి కూడా.

కాలు పోయిందని కుమారస్వామికి తెలుసు. దుప్పటి ఎత్తి చూసుకున్నాడు. నిన్న నాతో అన్నాడు, “పోనీలే అవ్వా. నాయన నేస్తాడు. నేను నీ మాదిరి కండెలు సుడతా. నాయనకు ఆయాసం తగ్గిందా?” తగ్గింది అన్నాను.

నాగలక్ష్మి దినమూ బొట్టు పెట్టుకుని, గాజులు వేసుకుని వాడి దగ్గరికి వస్తోంది. నవ్వుతోంది కూడా. రేపు పదో దినం. రేపు ఆమెకు గాజులు తీస్తారు, బొట్టు చెరుపుతారు. ఎల్లుండి నుంచి ఆమె ఆ ముఖంతో కొడుకు ముందుకు రాలేదు. తల్లి రాకపోతే వాడికి తెలుస్తుంది. వస్తే ఆ నొసలు చూసి తెలుసుకుంటాడు. లేదంటే ఇప్పుడు మేడం లోపలికి పోయి, మీ నాయన చనిపోయిన రోజు ఏం జరిగిందని అడిగితే తెలుస్తుంది. అట్లా వద్దు. వాడికి బాగలేదని చెప్పిన నోరు నాదే. పోయినాడని చెప్పేదీ నేనే కావాలి. నాకు చాలా భయంగా ఉంది. అయినా ఇప్పుడే పోతాను. నేను బయటికి వచ్చేదాకా మేడం లోపలికి రాకూడదు. ఇది కూడా రాయమన్నాను, రాసినారు.

ఎవరూ బెదిరించి చెప్పించింది కాదు. మేడం మొత్తం చదివి వినిపించినారు, నేను చెప్పినట్లే ఉంది. ఈ కాగితంలో ఉన్నదంతా నిజం. నా మనవడికి ఫోన్‌లో చెప్పినది నిజం కాదు.

కుళ్ళాయమ్మ
(ఎడమ చేతి బొటనవేలి ముద్ర)

రాసుకున్నది: సుమలత, హెడ్ కానిస్టేబుల్, పెనుకొండ.
గమనిక: సాక్షి లోపలికి వెళ్లి గంటన్నర దాటినా బయటికి రాలేదు. కుమారస్వామి వాంగ్మూలం ఈ రోజు తీసుకోలేదు.