కాలర్ బాబాయ్ కుట్టిన చొక్కా

చొక్కాల ఫ్యాక్టరీ గేటు ఎదురుగా టీ బండి దగ్గర ఆ మధ్యాహ్నం మీరూ నిలబడ్డారు కదా, ఏం చూశారో చెప్పండి. వయసు మళ్లినవాడొకడు కోతలు కోస్తుంటే నలుగురు నవ్వడం చూశామంటారు. అంతేనా? మీ కళ్లకు అంతే ఆనితే మిగతాది నేను చెబుతాను, వినండి.

ఆ కోతలరాయుణ్ణి అందరూ కాలర్ బాబాయ్ అంటారు. ఆ ఫ్యాక్టరీలో పంతొమ్మిదేళ్లు కాలర్లు కుట్టాడు. కాలర్లు కుట్టే మిషన్ లోపలికి వచ్చింది, బాబాయ్ బయటికి వచ్చాడు. తర్వాత చేరిన కంపెనీ ఆరు నెలల్లో మూతపడింది. వాచ్‌మన్ పనిలో కునుకు తీశాడని పీకేశారు. ఇక ఒకరి కింద చేసేది లేదని, ఒక మేడ మెట్ల కింద గదిలో సొంతంగా టైలరింగ్ షాపు పెట్టాడు.

ఎదురు బల్ల మీద కూర్చున్నవాడు గుండీలోడు. పదకొండేళ్లుగా గుండీలు కుడుతున్నాడు. ఇప్పుడు వాడి పనికీ మిషన్ వస్తోంది. ప్యాకింగ్‌కి మారతానని సాయంత్రంలోగా సంతకం పెట్టాలి, లేదంటే ఇంటికి పోవాలి. బాబాయ్ షాపు నిజంగా నడుస్తుంటే అందులో చేరిపోదామని వాడి ఆశ. అందరూ నవ్వడానికి వింటే వాడు బతకడానికి విన్నాడు.

"షాపు ఎలా ఉంది బాబాయ్?" అని అడిగాడు గుండీలోడు.

"ఎలా ఉండడమేంట్రా! మొదటి రోజే ఒక మాస్టారు వచ్చాడు, చొక్కా కాలర్ అరిగి దారాలు వేలాడుతున్నాయి, విప్పి, తిరగేసి కుట్టిచ్చాను, కొత్తదైపోయింది."

అంతవరకు నమ్మవచ్చు. గుండీలోడు నమ్మాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ చొక్కా వేసుకున్నాక ఆయన మెడ వంగడం మానేసింది! ఇన్నాళ్లూ తల దించుకుని ఉన్నవాడు నిటారుగా నిలబడేసరికి హెడ్మాస్టరు హడలిపోయి, లేచి తన కుర్చీ ఇచ్చేశాడు."

"మరి రాత్రి పడుకోడమెలా?" అని టీ ఊదుకుంటూ అడిగింది చేతులక్క. ఆ ఫ్యాక్టరీలోనే చొక్కాలకు చేతులు కుట్టే మనిషి.

"తల దిండుకి ఆనితేగా! జానెడెత్తున గాల్లోనే నిలబడి ఉంటుంది. వాళ్లావిడ ఆ సందులోంచే దుప్పటి లాక్కుంటుంది."

బండి చుట్టూ గొల్లుమన్నారు.

"నవ్వండి నవ్వండి. ఆ కబురు పాకి జనం క్యూ కట్టారు, క్యూ వంతెన దాటింది, చివర్న ఉన్నవాళ్లు నా గుమ్మం చేరేసరికి గడ్డాలు నెరిసి, ఒళ్లు కుంగి, మళ్లీ కొలతలు తీయాల్సి వచ్చింది! ఆ తర్వాత గాలివాన. స్తంభాలు కూలాయి, రేకులు ఎగిరాయి, మన ఫ్యాక్టరీ గొట్టం కూడా వంగింది. నేను కుట్టిన కాలర్ ఒక్కటంటే ఒక్కటి మడత పడిందా?"

"అదేం దారం బాబాయ్?" అన్నాడు గుండీలోడు.

"దారం కాదురా, చెయ్యి! ఇది విను. మొన్న ఒక ముసలాయన పోయాడు. కొడుకులు నేను కుట్టిన కొత్త చొక్కా తొడిగారు. పై గుండీ పెట్టారో లేదో, కాలర్ మెడ పట్టుకుని లేపింది, ఆయన లేచి కూర్చున్నాడు! డాక్టరు వచ్చి, ఇది వైద్యం కాదు, టైలరింగు అని కాగితం రాసిచ్చి పోయాడు."

"ఆ చొక్కాకి చేతులెవరు వేశారు బాబాయ్?"

చేతులక్క నవ్వకుండా అడిగింది.

"ఫ్యాక్టరీలో నీ పక్క బల్ల మీదే కూర్చున్నదాన్ని. నువ్వు కాలర్ తప్ప ఇంకోటి కుట్టగా ఏనాడూ చూడలేదు."

"నేనే వేశానమ్మా." గొంతు దిగిపోయింది. "కుడిది ఎడమకి, ఎడమది కుడికి. ఆ ముసలాయన పోలేదు, బతికున్నాయనే. నాలుగు నెలల్లో కొత్త చొక్కా కుట్టమన్నది ఆయనొక్కడే. అద్దం ముందు చెయ్యి చాపబోయాడు, రాలేదు. ఒక్క మాట అనకుండా విప్పి బల్ల మీద పెట్టి పోయాడు. తిట్టినా బాగుండేది."

"మరి రోజూ వచ్చి ఈ కోతలెందుకు?"

"నిజం చెబితే నా వెంట ఎవరొస్తారు? నీకు చేతులొచ్చు, వీడికి గుండీలొచ్చు. నాకు కాలరొచ్చు. అందరం కలిస్తే..."

"ముందూ వెనకా ఎవరు కత్తిరిస్తారు? జేబు ఎవరు వేస్తారు?"

లోపల సైరన్ మోగింది. గుండీలోడు బాబాయ్ మొహంలోకి చూడలేక గేటు వైపు నడిచాడు. వెళ్లి సంతకం పెట్టాడు. ప్యాకింగ్‌లో వాడికి చొక్కా మడిచే పని కూడా ఇవ్వలేదు, అట్టపెట్టెలకు మూతలు అతికించమన్నారు.

బాబాయ్ కోతలు కోశాడు, ఒప్పుకుంటాను. కానీ పంతొమ్మిదేళ్లు ఒక మనిషి చేత మెడ పట్టీ మాత్రమే కుట్టించి, నువ్వు దర్జీవి అని నమ్మించారే, దాన్ని మించిన కోత ఎక్కడైనా ఉందా? మీరు నవ్వింది ఆయన్ని చూసే కదా. మీ పని ఏదైనా కానివ్వండి, గుండెమీద చెయ్యేసి చెప్పండి: దాన్ని మొదటినుంచి చివరిదాకా ఒంటిచేత్తో చేయడం మీకు వచ్చా?